మా ఆయన పేరు మీద ఎర్ర గీత

నా చేతిలో ఎర్ర పెన్ను చూస్తే మా వీధి కుక్క కూడా పక్కకు తప్పుకుంటుందని మా ఆయన ఎగతాళి చేస్తుంటారు. చెయ్యనివ్వండి. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగిపోయినదాన్ని, ఎగతాళికి లొంగే రకాన్ని కాదు.

మా సెక్షన్లో ఒక అలవాటు ఉండేది. పరీక్షకు రాని విద్యార్థి పేరు మీద హాజరు పట్టీలో ఎర్ర గీత గీసేవాళ్ళం. ఆ గీతకు అర్థం ఈ మనిషి ఇవాళ రాలేదని, అంతే. ఫెయిలైనట్టు కాదు, పేరు కొట్టేసినట్టు అంతకంటే కాదు. సప్లిమెంటరీకి వస్తాడు, మళ్ళీ రాస్తాడు. ఈ చిన్న సంగతి లోకమంతా ఎరుగుననుకున్నాను చూశారా, అదీ నా పొరపాటు. దానివల్ల మా డివిజన్ కార్పొరేటర్ ఎన్నిక తలకిందులయ్యేంత పనైంది. మా సంసారం సంగతి తర్వాత చెప్తాను.

రిటైరైన మరుసటేడు, ఒక సాయంత్రం, తార్నాక మూడో వీధిలోని మా ఫ్లాటుకు ఒకమ్మాయి వచ్చింది. నిలబడే చెప్పింది.

"మేడం, కార్పొరేటర్‌కు నిలబడుతున్న. మీ సాయం కావాలె."

గుర్తుపట్టడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. పన్నెండేళ్ళ కిందట ఇదే పిల్ల మా సెక్షన్ కిటికీ ముందు మూడు రోజులు నిలబడింది. పరీక్షలు దగ్గరికొచ్చాయి, హాల్ టికెట్ రాలేదు. మొదటి రోజు కసిరాను. రెండో రోజు "మీ కాలేజీకి వెళ్ళి అడుగు, నా ప్రాణం తియ్యకు" అన్నాను. మూడో రోజు కూడా కదలకపోయేసరికి ఒళ్ళు మండి, పట్టీ తెచ్చి ఆమె మొహాన విసరబోతూ చూశాను. పేరు ఎక్కించకుండా పై వరుస నుంచి కింది వరుసకు దూకింది నేనే. రాసింది నా చేత్తోనే. అప్పుడు కిటికీలోంచి "తప్పు మాదే అమ్మాయ్" అన్నాను. అరగంటలో హాల్ టికెట్ చేతికిచ్చాను. అక్కడితో నేను మర్చిపోయాను. ఆ పిల్ల మర్చిపోలేదని తర్వాత తెలిసింది.

ఆమె తల్లిదండ్రులు నల్గొండ వైపు నుంచి వచ్చి, తండ్రి హాస్టల్ మెస్సులో వంటపని చేస్తే, క్యాంపస్ వెనక బస్తీలో పిల్లల్ని పెంచారు. ఈమె ఎమ్మే చదివి, అదే క్యాంపస్‌లో కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పేది. గట్టి వాన పడితే బస్తీలో మోకాలి లోతు నీళ్ళు. ఆ నీళ్ళు పోవాల్సిన నాలా పని కోసం ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి, తిరిగి, చివరికి తిరిగేవాళ్ళు వేరు, సంతకం పెట్టేవాళ్ళు వేరని అర్థమై, ఆ సంతకం పెట్టే చోటికే పోదామనుకుంది. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి నామినేషన్ వేసింది.

"ఓడిపోతే?" అని అడిగాను.

"గా పోస్టు మళ్ళ రాదు మేడం. మా అమ్మ రెండు దినాల నుంచి నాతోని మాట్లాడతలేదు."

ఎదుటి మనిషి సంగతి అందరికీ తెలుసు. ఫంక్షన్ హాళ్ళున్నాయి, పెట్రోలు బంకుంది, ముషీరాబాద్ నుంచి గోల్నాక దాకా ఆయన పుట్టినరోజుకు ఫ్లెక్సీలు లేస్తాయి. మా చర్చికి వంద ప్లాస్టిక్ కుర్చీలు ఇచ్చారు. ఇచ్చి ఊరుకున్నారా, ప్రతి కుర్చీ వీపు మీదా తన పేరు రాయించారు. ప్రార్థనకు తల వంచితే కళ్ళెదురుగా ఆయన పేరే. ఆ కుర్చీలు దించుకున్న రోజు కృతజ్ఞతలు చెప్పింది చర్చి కమిటీ కార్యదర్శి. ఆ కార్యదర్శి మా ఆయన.

"ఇస్త్రీపెట్టె గుర్తుతో ఫంక్షన్ హాళ్ళ మీదికి వెళ్తారుటే?" అన్నారాయన ఆ అమ్మాయి వెళ్ళగానే. ఎన్నికల వాళ్ళు ఆమెకిచ్చిన గుర్తు అది.

"వెళ్తాం. మీ ఓటెవరికి?"

"కుర్చీలిచ్చిన మనిషిని కాదంటే బావుంటుందా? రేపు ఏ మొహం పెట్టుకుని ఎదురుపడను?"

"కూర్చోడానికిచ్చాడా, కొనుక్కోడానికిచ్చాడా?"

ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. బాపట్ల దగ్గర నుంచి వచ్చి తార్నాకలో బడిపంతులుగా జీవితమంతా గడిపిన మనిషి. ఒకరిచ్చినది తీసుకుని మొహం తిప్పుకోవడం ఆయనకు చేతకాదు. ఆ మెత్తదనం చూసే చేసుకున్నాను, దాంతోనే ఇన్నేళ్ళూ వేగుతున్నాను.

మర్నాడు ఉదయం వాకింగ్ జనం పలచబడ్డాక క్యాంపస్‌లో ఒక భవనం మెట్ల మీద కూర్చున్నాం. ఆమె దగ్గర చదువుకున్న పాతికమంది వచ్చారు. జెండాలెన్ని కావాలి, ఆటోకు మైకు కడదామా అని అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. నేను ఓటర్ల జాబితా ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నాను. చూస్తుంటే నవ్వొచ్చింది. వరుస సంఖ్య, పేరు, తండ్రి పేరు, గది, భవనం. ఇదే కదా నేను జీవితమంతా చేసిన పని!

"నోళ్ళు మూసి వినండి" అన్నాను. "ఆయన డబ్బు ప్రతి ఇంటికీ ఒకసారి వెళ్తుంది. తలుపు తాళం వేసి ఉంటే వాచ్‌మన్ చేతిలో పడేసి పోతుంది. మనం మూడుసార్లు వెళ్దాం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఆదివారం ఒకసారి. ఎవరి ఓటరు చీటీ వాళ్ళ చేతికే ఇవ్వాలి. ఏ పోలింగ్ బూతు, ఏ గది, ఎన్నో నంబరు, అన్నీ చేత్తో రాసి. తలుపు కింద తోశారని తెలిస్తే ఊరుకోను."

వీధికో నోటుబుక్కు చేశాం. మనిషి దొరికి మాట్లాడితే పేరు పక్కన నీలం టిక్కు. దొరక్కపోతే పేరు మీద ఎర్ర గీత. ఎర్ర గీత ఉన్న ఇంటికి మళ్ళీ వెళ్ళాలి. చెయ్యి అలవాటు, మనసును కూడా అడగలేదు.

రెండు వారాలు తిరిగాం. నా మోకాళ్ళ సంగతి దేవుడికే తెలుసు. కానీ ఒకటి చెప్పాలి, ఆ అమ్మాయి మాట్లాడే తీరు చూస్తుంటే నాకే ధైర్యం వచ్చేది. లేనిది ఉందనదు. నాలా ఎప్పటికవుతుందని ఒకాయన నిలదీస్తే, "ఎప్పటికయితదో నాకు ఇంక తెల్వదన్నా. ఫైలు ఏడ ఆగిందో మాత్రం తెలుసు, ఇగో చూడు" అని సంచిలోంచి కాగితాలు తీసింది. ఆయన కళ్ళజోడు తెచ్చుకుని గుమ్మంలోనే కూర్చుని చదివాడు. ఇంకో ఇంట్లో ఒకావిడ తన కొడుక్కి ఉద్యోగం ఇప్పించమంది. "అది నా చేతుల లేదమ్మ" అని చెప్పేసి వచ్చింది. కనీసం చూస్తానమ్మా అని అనొచ్చు కదా అని మెట్లు దిగుతూ గొణిగాను.

"చూస్తా అంటే ఆమె ఎదురుచూస్తది మేడం" అంది.

పొద్దున్నే వెళ్తే నిద్ర, సాయంత్రం వెళ్తే డ్యూటీ, ఒక నర్సమ్మ ఎంతకీ దొరకలేదు. క్యాబులు నడిపేవాళ్ళు, కాచిగూడ స్టేషన్ దగ్గర లాడ్జీల్లో పనిచేసేవాళ్ళు, సెలవులకు ఊళ్ళకు వెళ్ళిన హాస్టల్ పిల్లలు. వీళ్ళ పేర్ల మీద ఎర్ర గీతలు అలాగే మిగిలిపోతున్నాయి.

మూడో వీధికి వచ్చేసరికి నియమం నియమమే అని మా ఫ్లాటుకు కూడా వెళ్ళాం. ఆ అమ్మాయి బెల్లు కొట్టింది. పలుకు లేదు. నా తాళంచెవితో తలుపు తీశాను. టీవీ మోగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, బాత్రూం తలుపు గడియ పెట్టి ఉంది.

"ఏవండీ!"

చప్పుడు లేదు. కొళాయి మాత్రం జోరుగా తిరిగింది.

పావుగంట కూర్చున్నాం. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది. నాకు సిగ్గుతో, కోపంతో చెవులు వేడెక్కాయి. ఆమె అడిగితే కాదనలేరు, అవునంటే కుర్చీల మనిషికి మొహం చూపించలేరు, అందుకని దాక్కున్నారు. డెబ్భై ఏళ్ళ మనిషి! నోటుబుక్కు తీసి, మా ఇంటి నంబరు కింద నా పేరు పక్కన నీలం టిక్కు పెట్టి, ఆయన పేరు మీద పెన్ను విరిగిపోయేంత గట్టిగా ఎర్ర గీత గీశాను. "పోదాం పద, ఇక్కడ మనిషి లేడు" అన్నాను.

ఎన్నిక మంగళవారం. అంతకుముందు గురువారం, మా వీధిలోనే ఒక అపార్టుమెంటు కింద బల్ల మీద నోటుబుక్కు తెరిచి పెట్టి, మంచినీళ్ళ కోసం వాచ్‌మన్ గదిలోకి వెళ్ళాను. రెండు నిమిషాలు కూడా ఉండదు. తిరిగొచ్చేసరికి పుస్తకం పెట్టిన చోటే ఉంది. తీసుకుని వచ్చేశాను.

మధ్యాహ్నానికి ఆ పేజీ ఫోటో తార్నాకలో ఉన్న ప్రతి ఫోనులోకీ చేరింది. కింద ఒక వాక్యం. మీ ఓట్లు ఎవరు తీసేయిస్తున్నారో చూడండి.

ఓటు పోవడమంటే మా దగ్గర ఉత్తుత్తి భయం కాదు. కిందటిసారి ఎంతోమంది ఓటరు కార్డు పట్టుకుని బూతుకు వెళ్తే జాబితాలో తమ పేరు మీద 'తొలగించబడింది' అని ముద్ర కనిపించింది. ఆ మంట ఇంకా ఉంది. దానిమీద నా ఎర్ర గీతలు పెట్రోలు పోసినట్టయింది. బస్తీలో ఒకావిడ ఆ అమ్మాయి మొహాన్నే తలుపు వేసింది. మాతో తిరిగే విద్యార్థులిద్దర్ని నాలుగో వీధిలోంచి తరిమేశారు.

అసలు మజా ఇంకోటుంది. ఫోటోలో పడిన పేజీ మా ఇంటి పేజీయే. నా పేరు పక్కన నీలం టిక్కు, మొగుడి పేరు మీద ఎర్ర గీత. చర్చి ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు. "అక్కా, అన్నయ్యగారి ఓటు కూడా తీయించేశారంటగా?" అని ఒకావిడ ఏడుపు గొంతుతో అడిగింది.

ఆ సాయంత్రం మా హాల్లో అందరం కూలబడ్డాం. మావైపు ఉన్న ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ గారు గొంతు సవరించుకుని, "ఆ ఫోటో మనది కాదందాం. వాళ్ళే సృష్టించారని ప్రకటన ఇద్దాం. ప్రచారానికి ఇంకా మూడు రోజులే ఉంది" అన్నారు.

"ఎందుకనాలి? తప్పేం చేశామని?" అని లేచాను నేను. "ఎర్ర గీతంటే ఆబ్సెంటని ఆమాత్రం తెలీదా జనానికి? ఇంత చదువుకున్నవాళ్ళున్న కాలనీలో!"

ఆ అమ్మాయి నోటుబుక్కు పేజీలు తిప్పుతూ కూర్చుంది. నెమ్మదిగా అంది.

"మీ సెక్షన్ల అర్థం మీకు తెలుసు మేడం. గల్లీల వాళ్ళకెట్ల తెలుస్తది? పేరు మీద ఎర్రగ గీస్తే పోయిందనే అనుకుంటరు. తప్పు మనదే. గదే చెప్దాం."

"నేను తప్పు చెయ్యలేదు."

"మేడం, హాల్ టికెట్ కోసం మూడు దినాలు నిలబడ్డ నేను. మీరు కిటికీల నుంచి 'తప్పు మాదే' అన్నరు. ఆఫీసు కిటికీల నుంచి ఆ మాట వినుడు నాకు గదే మొదలు. ఆ మాట కోసమే మిమ్మల్ని వెతుక్కుంట వచ్చిన. లేకుంటే లిస్టులు రాసేటోళ్ళు ఇంకెవ్వరు లేరా?"

నా నోరు మూయించినవాళ్ళు నా సర్వీసులో ఇద్దరో ముగ్గురో. అంత బాధలోనూ నాకు గర్వమనిపించింది.

శుక్రవారం పొద్దున మా వీధి మొదట్లో, మూతపడ్డ జిరాక్స్ షాపు అరుగు మీద బల్ల వేశాం. అట్టమీద నేనే పెద్ద అక్షరాలతో రాశాను. 'ఎర్ర గీతలు మావే. ఇంట్లో లేనివారికి గుర్తుగా పెట్టుకున్నవి. మీకు చెప్పకపోవడం మా తప్పు. వచ్చి మీ పేరు చూసుకోండి.' ఒకవైపు మా నోటుబుక్కులు, ఇంకోవైపు ఎన్నికల ఆఫీసు ఇచ్చిన అసలు జాబితా. దాచింది లేదు.

మొదటి గంటలో తిట్లు తిన్నాం. అవి ఇక్కడ రాయను. కానీ తిట్టడానికి వచ్చినవాళ్ళు కూడా వేలితో వెతుక్కుని అసలు జాబితాలో తమ పేరు చూసుకున్నారు. "ఉన్నది!" అని ఒకాయన అరిచాడు. ఆ అరుపుకు ఇంకో నలుగురు వచ్చారు. పన్నెండింటికి నర్సమ్మ వచ్చింది, డ్యూటీ బట్టల్లోనే, ఎర్రబడ్డ కళ్ళతో.

"నా ఓటెవరు తీసిర్రు? జెర చూపియ్యి" అంది.

చూపించాను. ఉంది. కానీ బూతు మారింది. ఆమె ఎప్పుడూ వేసే స్కూల్లో కాదు, క్యాంపస్‌లో ఒక భవనంలో, రెండో గదిలో.

"అయ్యో, నేను స్కూలుకే పోయేదాన్ని గద! లైన్ల నిలబడి నిలబడి, లేదంటే ఇంటికొచ్చేదాన్ని."

అప్పుడు వెలిగింది నాకు. రెండు వారాలు తిరిగినా దొరకని మనుషులందరూ, పేరు మీద ఎర్ర గీత ఉన్న ప్రతి మనిషీ, తనంతట తాను బల్ల దగ్గరికి నడిచొస్తున్నాడు! మాకు మైకు లేదు, ఫ్లెక్సీ లేదు. ఆ కుర్చీల పెద్దమనిషి తన ఖర్చుతో మా ఆబ్సెంటీలందర్నీ పిలిచి పంపిస్తున్నాడు. వచ్చినవాళ్ళకు చేత్తో చీటీ రాసి ఇచ్చాం. శనివారం సాయంత్రానికి నా బొటనవేలు వాచింది.

కానీ చర్చి జనం రాలేదు. మూడో, నాలుగో వీధుల్లో సగం వాళ్ళే. టీచర్లు, గుమాస్తాలు, మాట పట్టింపు ఉన్నవాళ్ళు. మొగుడి ఓటే తీయించిన మనిషి ఇంకెవరి ఓటు మాత్రం తియ్యదు అని వాళ్ళ అనుమానం. వాళ్ళు రాకపోతే గెలవలేమని ఆ అమ్మాయికి తెలుసు, నాకూ తెలుసు.

శనివారం అన్నాల దగ్గర మా ఆయన్ని అడిగాను. "మీరొక్క మాట చెప్తే అయిపోతుందండీ. మీ పేరు మీద గీత ఎందుకు పడిందో."

"బాత్రూంలో దాక్కున్నానని చెప్పమంటావా? కమిటీ కార్యదర్శిని! ఆ కుర్చీల్లో కూర్చున్న జనం ముందు!"

"దాక్కున్నప్పుడు లేని సిగ్గు చెప్పేటప్పుడు ఎందుకు?"

"నీకేం, నోరుంది."

"ఆ పిల్లకు ఉద్యోగం కూడా లేదండీ ఇప్పుడు" అన్నాను. ఆయన నీళ్ళ గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నారు. తాగలేదు.

ఆదివారం నేను ఆరాధనకు వెళ్ళలేదు, బల్ల దగ్గరే ఉన్నాను. సాయంత్రంతో ప్రచారం ముగింపు. పదకొండున్నరకు చర్చి వదిలారు. చూస్తుండగానే మా ఆయన మా అపార్టుమెంటు గేటులోంచి వస్తున్నారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చంకలో బైబిలు, రెండు చేతులతో మా డైనింగ్ టేబులు కుర్చీ. వెనకాల చర్చి జనం, ఏమవుతుందోనని గుసగుసలాడుకుంటూ. ఆయన కుర్చీ బల్ల ముందు వేసుకుని కూర్చున్నారు. వీపు మీద ఎవరి పేరూ లేని కుర్చీ.

"నా పేరు చూపించమ్మా" అన్నారు నాతో, కొత్త మనిషితో అన్నట్టు.

నేను పేజీ తీశాను. ఆయన ఆ ఎర్ర గీత మీద వేలు పెట్టి, వెనక్కి తిరిగి, క్లాసులో పాఠం చెప్పే గొంతుతో అన్నారు.

"అందరూ వినండి. ఈ గీత మా ఆవిడే గీసింది. నా ఓటు తియ్యడానికి కాదు. ఈ అమ్మాయి ఓటు అడగడానికి మా ఇంటికి వస్తే, నేను బాత్రూంలో గడియ పెట్టుకుని కూర్చున్నాను. అవునని చెప్పలేక, కాదని చెప్పలేక. ఇంట్లో ఉండి లేననిపించుకున్నాను. ఎవరికి వెయ్యమని నేను చెప్పను. కుర్చీలిచ్చిన ఆయనకు థాంక్స్ ఆ రోజే చెప్పాను, అది అక్కడికి సరి. కానీ అబద్ధం చెప్పింది ఈ పుస్తకం కాదు, నేను."

తర్వాత వెనక నుంచి ఒక ముసలావిడ, "ఎంతసేపున్నావయ్యా బాత్రూంలో?" అంది.

"పావుగంట" అన్నారాయన.

జనం విరగబడి నవ్వారు. ఆయన కూడా నవ్వారు, చెవులు ఎర్రగా చేసుకుని. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి, కొంగుతో మొహం తుడుచుకోవలసి వచ్చింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన మీద నాకు అంత ప్రేమ పుట్టిన రోజు ఇంకోటి లేదు. ఆ ముసలావిడే మొదట లైన్లోకి వచ్చింది. ఆమె వెనక మూడో వీధి, దాని వెనక నాలుగో వీధి. ఆయన చీటీ ఆయనకు రాసిచ్చాను. బూతు, గది, వరుస నంబరు. చదువుకుని జేబులో పెట్టుకున్నారు.

మంగళవారం క్యాంపస్ బూతు దగ్గర నర్సమ్మ డ్యూటీ నుంచి సరాసరి వచ్చి లైన్లో నిలబడటం చూశాను. చేతిలో నేను రాసిన చీటీ. మా ఆయన స్నానం చేసి, నాతో కాకుండా ఒక్కరే వెళ్ళి వచ్చారు. ఎవరికి వేశారని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. అడగడానికి నోరు ఎంత దురదపెట్టిందో నాకే తెలుసు.

లెక్కింపు రోజు మా వాళ్ళకు తల ప్రాణం తోకకొచ్చింది. ఒక రౌండు వాళ్ళది, ఒక రౌండు మాది. చివరి రౌండులో మా వీధుల బూతులు తెరిచారు. గెలిచాం. మళ్ళీ లెక్కపెట్టమన్నారు, మళ్ళీ గెలిచాం. ఆ తేడా మా బల్ల దగ్గర లైన్లో నిలబడ్డవాళ్ళ కంటే తక్కువ. ఆ అమ్మాయి తల్లి హాలు బయట నేల మీద కూర్చుని, కూతురు రాగానే మాట్లాడటానికి బదులు వీపు మీద రెండు దెబ్బలు వేసి కావలించుకుంది.

డబ్బున్నవాళ్ళతో మంచివాళ్ళు ఎలా పోటీ పడతారండీ, ఇదంతా అయ్యే పని కాదండీ అని నాతో ఎవరైనా అంటే ఇప్పటికీ నాకు కోపమొస్తుంది. ఇంటింటికీ మూడుసార్లు వెళ్ళారా? తప్పు చేస్తే వీధిలో బల్ల వేసి ఒప్పుకున్నారా? అవి చేసి ఓడిపోయి అప్పుడు రండి, కూర్చుని ఏడుద్దాం అంటాను.

ప్రమాణ స్వీకారమైన మూడో రోజు పొద్దున బెల్లు మోగింది. నేను వంటింట్లో పోపు మీద ఉన్నాను. నేను కదిలేలోపు, మొదటి బెల్లుకే, మా ఆయన తలుపు తీశారు.

"సర్, ఇంట్ల ఉన్నరా?" అంది ఆ అమ్మాయి గుమ్మంలోంచి, నవ్వుతూ.

"ఉన్నానమ్మా. నువ్వెప్పుడొచ్చినా ఉంటాను."

ఆమె భుజాన సంచి ఉంది. అందులోంచి మా నోటుబుక్కులు తీసి బల్ల మీద పెట్టింది. "మేడం, వీటిల ఇంక ఎర్ర గీతలు ఉన్నయి. ఎన్నిసార్లు పోయినా దొరకనోళ్ళు, బల్ల దగ్గరికి రానోళ్ళు. ఓటేసిర్రో లేదో, ఎవలకేసిర్రో తెల్వదు. వాళ్ళకు గూడ నేనే కార్పొరేటర్‌ను గద. పోదామా?"

ఎన్నికైపోయాక కూడా ఎవరైనా గుమ్మాలు ఎక్కుతారా అనబోయాను. అనలేకపోయాను. స్టవ్ ఆపేసి, కొంగు దులుపుకుని, అలవాటు కొద్దీ అలమారలోంచి ఎర్ర పెన్ను తీసుకున్నాను. మా ఆయన అప్పటికే చెప్పులేసుకుని నోటుబుక్కులు చంకలో పెట్టుకుని నిలబడ్డారు.

"అది కాదే" అన్నారు. "నీలం పెన్ను తెచ్చుకో."